చెక్కగోడ అవతలి కూనిరాగం

గడియారాలు బాగుచేసే టిక్కుటిక్కు గారికి కొనడం అనే విద్య అబ్బలేదు. బజారుకి వెళ్తారు, తిరిగొస్తారు, చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. అది మనుషులు వాడుకునే వస్తువు మాత్రం అయ్యుండదు. ఆయన కొన్న గొడుగు తెరుచుకునేది గానీ మూసుకునేది కాదు. వాన వెలిశాక కూడా దాన్ని అలాగే పట్టుకుని, ఎండలో నడిచి, బస్సులో అందరి తిట్లూ తిని, మేడమెట్లు ఎక్కి, చివరికి గుమ్మంలో ఇరుక్కుపోతే ఇంటావిడ లోపలినుంచి కాడ పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆయన తెచ్చిన పుచ్చకాయ కోస్తే లోపలంతా దూది. ఆయన తెచ్చిన దూది దిండు విప్పితే లోపలంతా గింజలు.

తెలివి లేక కాదు. కొనేటప్పుడు ఆయన బజార్లో ఉండరు, అంతే. కాళ్ళు ఉంటాయి, సంచీ ఉంటుంది, ఆయన మాత్రం తక్కెడ కిర్రుమన్న చప్పుడు పట్టుకుని ఎటో వెళ్ళిపోతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడియారాలు చెవి దగ్గర పెట్టుకుని, దేనికి ఊపిరి సరిగ్గా ఆడటం లేదో వినే మనిషి. చెవితో బతకడం అలవాటైపోయి కళ్ళని వాడుకోవడం మర్చిపోయారు. ఆయన అలా వింటూ ఉండగానే బేరగాడు సంచీలో వేయాల్సినవన్నీ వేసేసేవాడు.

కానీ మటన్ దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది.

"మా ఆయన్ని ఉప్పు తెమ్మంటే సున్నం తెస్తారు. కాదనను," అనేది ఇంటావిడ ఎదురింటి పిన్నిగారితో, తడిబట్టలు దులుపుతూ. "కానీ మటన్ మాత్రం ఆయన తేవాల్సిందే పిన్నీ. నోట్లో పెట్టుకుంటే పంటికి పనుండదు."

ఈ మాట మేడమెట్ల మీద ఎక్కడున్నా టిక్కుటిక్కు గారి చెవిన పడేది. పడ్డప్పుడల్లా ఆయన ఒక మెట్టు దగ్గర కాస్త ఆగి, జుట్టు సర్దుకుని, అప్పుడు ఎక్కేవారు. ఇంత సంసారంలో ఆయనకంటూ ఉన్న పరువు అది ఒక్కటే. ఆదివారం ఉదయం గుడ్డసంచీ మడతపెట్టి చంకలో ఇరికించుకుని మెట్లు దిగే టిక్కుటిక్కు గారు వేరు. మిగతా వారమంతా కనిపించే టిక్కుటిక్కు గారు వేరు.

ఆ ఆదివారపు టిక్కుటిక్కు గారు ఎలా తయారయ్యారో చెప్పాలంటే ముందు ఆ చెక్కగోడ గురించి చెప్పాలి.

ఆయన కొట్టు చాలా ఇరుకు. ఆయన, ఒక స్టూలు, ఒక బల్ల, గోడల నిండా గడియారాలు. వచ్చినవాళ్ళు బయటే నిలబడాలి. ఆ కొట్టుకి ఎడమపక్క గోడ ఇటుకది కాదు, పాత చెక్కపలకలది. పలకలకి అవతల పెద్దన్న మటన్ కొట్టు. మిగతా గోడలకి తెల్లటి పింగాణీ బిళ్ళలు, వరసగా కొక్కేలు, నేలమీద రంపప్పొట్టు, మధ్యలో నరికీ నరికీ కంచంలా గుంట పడిపోయిన మొద్దు. ఆ మొద్దు వెనక పెద్దన్న. మనిషి తలుపంత ఉంటాడు. వయసులో ఎవరెంత పెద్దవాళ్ళయినా ఆ వీధిలో అందరికీ పెద్దన్నే.

చాలా ఏళ్ళ కిందట, కొట్టు పెట్టిన కొత్తల్లో, ఒక బడి టీచరుగారు చిన్న చేతిగడియారం తెచ్చి ఇచ్చింది. ఆగి ఆగి నడుస్తోందని. టిక్కుటిక్కు గారు దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. టిక్కు టిక్కుల వెనక, ఎక్కడో చాలా దూరంలో, ఎవరో రాగం తీస్తున్నట్టు వినిపించింది. మెల్లగా, మాటలు లేకుండా. నాలుగు మెట్లెక్కి, కాస్త కూర్చుని, మళ్ళీ ఎక్కి, చివరి మెట్టు ఇంకా ఉందనగా చటుక్కున ఆగిపోయే రాగం. ఆయనకి ఒళ్ళు జలదరించింది. మూత తీసి, కంటికి భూతద్దం బిగించుకుని చూశారు. చక్రాలున్నాయి, స్ప్రింగుంది, పాడేవాళ్ళెవరూ లేరు. ఒక్కో చక్రం తీసి పక్కన పెట్టారు. గడియారం ఆగిపోయింది. రాగం ఆగలేదు.

సాయంత్రం టీచరుగారు వస్తే ఆయన లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఇది ఇంకో రెండ్రోజులు నా దగ్గర ఉండాలి. లోపల ఏదో ఉంది."

"ఏముందండీ? తుప్పా?"

"తుప్పు కాదు."

"మరేంటి?"

"చెప్పలేనమ్మా. బాగుంది. అంతకంటే చెప్పలేను."

టీచరుగారు ఆయన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, గడియారం, విప్పిన చక్రాలతో సహా పొట్లం కట్టించుకుని, ఇంకో వీధిలో ఇంకో కొట్టుకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున టిక్కుటిక్కు గారు దిగులుగా చెక్కగోడకి తల ఆనించి కూర్చున్నారు. ఆ రాగం నేరుగా తలలోకి వచ్చి పడింది. పలకల అవతల పెద్దన్న కత్తి కదులుతోంది, దానితో పాటు కూనిరాగమూ కదులుతోంది.

ఆ రోజు మొహమాటపడి, పక్క కొట్టు వాడు కదా అని కొద్దిగా మటన్ కొన్నారు. ఇంట్లో ఇంటావిడ అది చివరి ముక్క దాకా తింది. ఎముక ప్లేటు అంచున పెట్టి, "ఎక్కడ కొన్నారు?" అని మాత్రం అడిగింది. అలా అడిగిన తీరు ఆయన జన్మలో మర్చిపోలేదు.

తర్వాత మెల్లగా తెలిసింది. పెద్దన్న ఎప్పుడు పడితే అప్పుడు రాగం తీయడు. ముందురోజు తనే వెళ్ళి, మందలో తిరిగి, వీపు నిమిరి, నడక చూసి ఎంచుకున్న జీవం అయితేనే ఆ కూనిరాగం. వెళ్ళడం కుదరక ఎవరో పంపింది కొక్కేనికి తగిలించిన రోజున పెద్దన్న నోరు మాటల్లో పడుతుంది. ఎండలు, రోడ్డు మీది గుంతలు, అల్లుడి కొత్త బండి. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత గట్టి మాంసమన్న మాట. పెద్దన్న అబద్ధం చెప్పే మనిషి కాదు, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. కానీ తను రాగం తీస్తున్న సంగతి పెద్దన్నకే తెలీదు. టిక్కుటిక్కు గారు అడగనూ లేదు. వినడం తెలిసిన మనిషికి అడగాలని తోచదు.

రాగం వినిపించిన ఆదివారాల్లో ఆయన వరసలో నిలబడి, కళ్ళు సగం మూసి, ఆ నాలుగు మెట్లూ తనూ ఎక్కుతూ ఉండేవారు. గాలి చల్లగా ఉన్నట్టుండేది. ఎక్కడో గడ్డి తడిగా ఉన్నట్టుండేది. సంచీ ఎప్పుడు నిండిందో, ఇంటికి ఎప్పుడొచ్చారో గుర్తుండేది కాదు. తలుపు తీసేసరికి వంటింట్లో కొక్కేనికి వేలాడే వెడల్పు గిన్నె అప్పటికే పొయ్యి మీద ఉండేది, సన్నని మంట మీద నింపాదిగా ఉడికించడానికి. మాటల ఆదివారాల్లో మొహమాటానికి కొంచెమే తీసుకుని మూతి బిగించుకుని వచ్చేవారు. అప్పుడు పొయ్యి మీద కుక్కర్ ఉండేది. సంచీ విప్పకముందే ఆవిడకెలా తెలుస్తుందా అని ఒకటి రెండుసార్లు ఆశ్చర్యపోయారు. వాసన పట్టి ఉంటుందిలే అనుకుని వదిలేశారు.

అలా నడుస్తున్న రోజుల్లో ఒక ఆదివారం తోడల్లుడు గారు భోజనానికి వచ్చారు.

ఈయన ఇంటావిడ అక్కగారి భర్త. ఏదో కార్యాలయంలో తనిఖీ అధికారి. ఆ తనిఖీని ఇంటికీ బజారుకీ కూడా తీసుకెళ్తారు. కూరగాయల్ని టార్చిలైటు వేసి చూస్తారు. కుర్చీలో కూర్చోబోయే ముందు ఓసారి ఊపుతారు. ఆ రోజు మటన్ కూర రెండో ముద్దకే ఆయన నమలడం ఆపి, కంచం వైపు అనుమానంగా చూశారు.

"తమ్ముడూ, ఇది నువ్వే కొన్నావా?"

"నేనే అన్నయ్యా."

"గొడుగు కొన్న చేత్తోనే?"

అక్కగారు కిసుక్కున నవ్వింది. ఇంటావిడ, "గొడుగు సంగతి వదిలెయ్యండి బావగారూ. మటన్ దగ్గర మా ఆయన్ని మించినవాళ్ళు లేరు," అంది. టిక్కుటిక్కు గారి చెవులు ఎర్రబడ్డాయి.

"మటన్ కొనడమంటే మాటలా!" తోడల్లుడు గారు ఎడంచెయ్యి ఎత్తారు. "లేతదైతే గులాబీ రంగుండాలి, ముదురుదైతే ఎర్రగా ఉండాలి. నల్లబడితే పక్క కొట్టుకి నడవాలి. కొవ్వు తెల్లగా, గట్టిగా ఉండాలి, పసుపుపచ్చగా ఉందా, దణ్ణం పెట్టి వచ్చెయ్యాలి. బొటనవేలితో నొక్కితే గుంట పడి మళ్ళీ లేవాలి. చేతికి జిగురంటకూడదు. వాసన చూడాలి. ఇవన్నీ చూస్తావా నువ్వు?"

"ఒక్కటీ చూడను," అన్నారు టిక్కుటిక్కు గారు. కడుపులో మంచి కూర పడింది, జీవితంలో మొదటిసారి తోడల్లుడి మీద తనది పైచెయ్యి అయింది. ఇలాంటప్పుడే మనిషికి నోరు జారుతుంది.

"మరెలా?"

"అదో రహస్యం."

"ఇంకొంచెం కూర వెయ్యనా?" అంటూ ఇంటావిడ గరిటెతో వచ్చింది.

"వద్దు. అన్నయ్యా, ఏంటంటే, ఆ పెద్దన్న ఉన్నాడు చూశావూ..."

"మంచినీళ్ళు కావాలా?" అంది ఇంటావిడ, కాస్త గట్టిగా.

"ఉన్నాయిగా. ఆయన మంచి మాంసం కోసేటప్పుడు..."

"ఏవండీ, ఆ కిటికీ రెక్క కొట్టుకుంటోంది, వెయ్యండి!"

గాలే లేదు. కిటికీ రెక్క ఎక్కడిదక్కడే ఉంది. టిక్కుటిక్కు గారు ఆవిడ వైపు వింతగా చూసి, మొత్తం చెప్పేశారు. రాగం, మాటలు, నాలుగు మెట్లు, అన్నీ. చెప్పాక గోడకి చేరబడి, ఎంత బాగా చెప్పానా అని తనలో తనే మురిసిపోయారు. ఇంటావిడ గరిటె గిన్నెలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాతి ఆదివారం ఉదయాన్నే తోడల్లుడు గారు సంచీతో తయారయ్యారు. "పద తమ్ముడూ, మీ పాటగాణ్ణి చూద్దాం." టిక్కుటిక్కు గారు వద్దనబోయారు గానీ, అప్పటికే ఇద్దరూ వరసలో ఉన్నారు. ముందు ఆరేడుగురు, వెనక ఆరేడుగురు. పెద్దన్న మొద్దు మీదికి వంగి తొడ భాగం విడదీస్తున్నాడు. రాగం సాగుతోంది. రెండో మెట్టు దగ్గర ఉంది.

"ఆహా!" అని చప్పట్లు కొట్టారు తోడల్లుడు గారు. "పాడండి పెద్దన్నా, ఆపకండి. మీరు పాడితేనే కొంటాం!"

కత్తి ఆగింది. "ఏంటండీ?"

"అదే, మీ పాట. మాల్ మంచిదైతే పాడతారటగా. బాగాలేకపోతే కబుర్లటగా. మా తమ్ముడు చెప్పాడు." అంటూ టిక్కుటిక్కు గారి భుజం మీద చెయ్యి వేసి, వరస మొత్తానికి చూపించారు.

వరసలో ఎవరో పకపక నవ్వారు. ఇంకెవరో, "అవునే! పోయిన వారం రోడ్డు గుంతల గురించి గంట సేపు చెప్పాడు. మా ఇంట్లో ఇంకా నములుతూనే ఉన్నారు," అన్నారు. అందరూ నవ్వారు. పెద్దన్న నవ్వలేదు. తలుపంత మనిషి, మెడ దగ్గర మొదలై చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఎవరో తను నిద్రపోతుండగా చూసినట్టు, ఏళ్ళ తరబడి చూస్తున్నట్టు, కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక మొద్దు వైపు పెట్టాడు.

"నేను పాడతానా?" అన్నాడు, టిక్కుటిక్కు గారి వైపు చూడకుండానే.

టిక్కుటిక్కు గారికి తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి చెక్కగోడ మూగబోయింది.

రాగం లేదు. రాగం లేకపోతే మాటలుండాలి కదా, అవీ లేవు. మాట్లాడితే ఒకటనుకుంటారు, పాడితే ఒకటనుకుంటారు. పెద్దన్న పెదాలు బిగించుకుని, కావలసినంత కోసి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. రాగం లేని కత్తికి దారి తప్పింది. ఒక ముక్క పిడికిలంత, ఒక ముక్క గోరంత. ఎముకలు పెళుసుగా విరిగి కూరలో పంటికింద తగిలేవి. వరసలో జనం కూడా పెద్దన్న మూతి వైపే చూస్తూ, చెవులు రిక్కించి, గుడ్లప్పగించి నిలబడేవారు. చూసిన కొద్దీ అతను ఇంకా బిగుసుకుపోయేవాడు.

ఇవతల టిక్కుటిక్కు గారి పని కూడా పాడైంది. గడియారం చెవి దగ్గర పెట్టుకుంటే రేకు డబ్బా వాయించినట్టుంది. ఒకాయనకి అలారం బాగుచేసి ఇస్తే అది ఆయన పెళ్ళిచూపుల మధ్యలో మోగింది. పొద్దున్నే వచ్చి, అలవాటు కొద్దీ గోడకి తల ఆనించి, కాసేపు చూసి, మెల్లగా తీసేసేవారు. పెద్దన్న ఎదురుపడితే, "ఏం గడియారంగారూ," అని ఎప్పట్లాగే పలకరించేవాడు. అదే ఎక్కువ బాధగా ఉండేది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంట్లో ఆదివారాలు కళ తప్పాయి. ఏది లేతదో, ఏది ముదురుదో ఆయనకి తెలియదు. వెళ్ళడం, చెయ్యి చూపించడం, తేవడం. మెట్లు ఎక్కేటప్పుడు కాళ్ళు బరువుగా ఉండేవి. తలుపు తీసేసరికి పొయ్యి మీద వెడల్పు గిన్నె లేదు, కుక్కరూ లేదు. ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎలా ఉంది?" అని అడిగేది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట. ఆయన సంచీ అందించి గోడవైపు చూసేవారు. ఆవిడే ముక్కని నొక్కి చూసి, నిట్టూర్చి, ఏదో ఒక గిన్నె దించేది. ఒక ఆదివారం ఇద్దరూ మధ్యాహ్నం మొదలుపెట్టిన ముక్కని చాలాసేపు నమిలి, ఒకరికి తెలియకుండా ఒకరు ప్లేటు అంచుకి చేర్చారు.

ఆ వారం మధ్యలో ఆవిడ బట్టలు మడతపెడుతూ అంది: "ఈ ఆదివారం అక్కావాళ్ళు వస్తున్నారు. వచ్చేటప్పుడు మటన్ బావగారినే తెమ్మందామా?"

మామూలుగానే అంది. దెప్పినట్టు కూడా లేదు. టిక్కుటిక్కు గారి గుండె మాత్రం పట్టు తప్పిన స్ప్రింగులా ఒక్కసారి విప్పుకుపోయింది. గొడుగు పోయింది, పుచ్చకాయ పోయింది, దిండు పోయింది. ఇప్పుడు ఇది కూడా ఆ జాబితాలోకి వెళ్ళిపోతోంది.

"వద్దు," అన్నారు. "నేనే తెస్తాను."

"సరే," అంది ఆవిడ. తల ఎత్తలేదు గానీ, మడతపెట్టిన చొక్కానే మళ్ళీ మడతపెట్టింది.

ఆదివారం ఉదయం ఆయన కొట్టు తెరిచి, తోడల్లుడు గారు చెప్పిన సూత్రాలన్నీ మనసులో వల్లె వేసుకున్నారు. గులాబీ రంగు, తెల్ల కొవ్వు, బొటనవేలి గుంట. అయితే రంగు చూడాలంటే కళ్ళు కావాలి. కళ్ళతో దేన్నయినా నిజంగా చూడటం ఆయనకి ఒకే ఒక్క విధంగా తెలుసు. బల్ల మీద ఉన్న భూతద్దం కంటికి బిగించుకుని, అలాగే పక్క కొట్టు వరసలోకి వెళ్ళి నిలబడ్డారు.

వరస మొత్తం పక్కకి తిరిగి చూసింది. ఆయన పట్టించుకోలేదు. తన వంతు రాగానే పెద్దన్న జబ్బ భాగం ఒకటి తీసి మొద్దు మీద పెట్టాడు. టిక్కుటిక్కు గారు ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు.

"ఏం వెతుకుతున్నారండీ?" అన్నాడు పెద్దన్న. "చక్రాలు వెనక వైపు ఉంటాయి."

వరస గొల్లుమంది. కానీ టిక్కుటిక్కు గారు అప్పటికే అక్కడ లేరు. అద్దంలో మాంసం మాంసంలా లేదు. ఎర్రటి నేల పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. దాని మధ్యగా తెల్లటి సన్నని వాగులు పారుతున్నాయి. ఒక వాగు ఒడ్డున పొద్దున్నే పొగమంచు లాంటి పొర. అంత నేలని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒక వాగు వెంట నడుచుకుంటూ వెళ్ళారు. కాళ్ళ కింద తడిగడ్డి. ఎక్కడో ముందు గొర్రెలు కదులుతున్న చప్పుడు. నడక తేలికయింది. నాలుగు మెట్లు ఎక్కి, కాస్త కూర్చుని, మళ్ళీ ఎక్కి...

కొట్టంతా నిశ్శబ్దమైంది. ఆయన తల ఎత్తారు. అందరూ ఆయన మూతి వైపు చూస్తున్నారు. పెద్దన్న కత్తి గాల్లో ఉంది.

"ఏంటది?" అన్నాడు పెద్దన్న.

"ఏది?"

"ఇప్పుడు మీరు తీసింది."

"నేనా?" అన్నారు టిక్కుటిక్కు గారు. భూతద్దం కంటినుంచి జారి మొద్దు మీద పడింది. మెడ దగ్గర మొదలై చెవుల దాకా వేడెక్కింది. పెద్దన్నకి ఆ రోజు ఎలా అనిపించిందో అప్పుడు కచ్చితంగా తెలిసింది. "అది నాది కాదు పెద్దన్నా. మీదే."

"నేనలా తీస్తానా?" పెద్దన్న భృకుటి ముడిపడింది. "ఛ, మధ్యలో అంత సాగదీత ఎందుకు? గొర్రెలు నిద్రపోతాయి. మా నాన్న మందని ఇంటికి తోలుకొచ్చేటప్పుడు తీసేవాడు అది. ఇలా..." కత్తి మొద్దు మీదికి దిగింది. రాగం ఒక మెట్టెక్కింది. "ఇలా తేలిగ్గా పోవాలి. రెండోదాని దగ్గర కాస్త ఆగాలి, వెనకబడ్డవి కలుసుకోవాలిగా." కత్తి కదిలింది. "మళ్ళీ ఎత్తుకోవాలి."

"చివర ఒక మెట్టు తక్కువవుతుంది కదా," అన్నారు టిక్కుటిక్కు గారు, భయంభయంగా. "ఏళ్ళనుంచి అక్కడే ఆగిపోతున్నాను."

"తక్కువెందుకవుతుంది? అక్కడికి ఇల్లొచ్చేస్తుంది. అన్నీ లోపలికెళ్ళాక మా నాన్న దొడ్డి గడియ వేసేవాడు. టక్కున. పాట అయ్యేది ఆ గడియతోనే."

వరసలో ఎవరూ నవ్వలేదు. పెద్దన్న తల వంచి కోస్తున్నాడు. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి సమానంగా పడుతున్నాయి. రాగం మొదటికొచ్చి మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ఎవరికో నేర్పడానికి కాదు. తనెక్కడున్నాడో మర్చిపోయిన మనిషి రాగం అది. వెనకెవరో దగ్గబోతే ఇంకెవరో మోచేత్తో పొడిచారు.

పొట్లం కట్టేటప్పుడు టిక్కుటిక్కు గారు గొంతు సవరించుకున్నారు. వరసలో నిలబడ్డ ఇన్నేళ్ళలో అడగని మాట అడిగారు.

"పెద్దన్నా, ఇవాళ బాగుందా?"

పెద్దన్న పొట్లం కట్టే చెయ్యి ఆపాడు. "ఈ ముక్క ముందే అడగొచ్చుగా గడియారంగారూ! నేనేమన్నా దాస్తానా?" ముక్కల్ని కత్తి మొనతో చూపించాడు. "లేతది కాదిది, ముదురుది. అయితే మంచి మేత తిన్న జీవం. తొడకంటే ఈ జబ్బ రుచి. తొందరపడితే బిగుసుకుపోతుంది. మంట బాగా తగ్గించి, మూత పెట్టి, దాని మానాన దాన్ని వదిలెయ్యమనండి మా చెల్లెమ్మని. వెడల్పు గిన్నె ఉందా ఇంట్లో?"

"ఉంది," అన్నారు టిక్కుటిక్కు గారు. "కొక్కేనికి వేలాడుతూ ఉంటుంది."

వీధిలో ఎలా నడిచారో, ఏ మలుపు తిరిగారో ఆయనకి ఎప్పట్లాగే గుర్తులేదు. వీధి మెత్తగా ఉన్నట్టుంది. మేడమీది నుంచి దిగుతున్న పిన్నిగారు ఏదో అడిగితే ఏదో చెప్పారు. మెట్లెక్కుతున్నారు. మెట్లమీదికి వాళ్ళ వంటింటి కిటికీ ఉంది, అది తెరిచే ఉంది. లోపల తోడల్లుడు గారి గొంతు వినిపిస్తోంది. "అందుకే నేను టార్చి తెచ్చాను. ఏం తెస్తాడో ఏంటో..." మాట పూర్తి కాకుండానే ఖణేల్‌మని చప్పుడు. వెడల్పు గిన్నె కొక్కెం మీదినుంచి దిగిన చప్పుడు అది.

టిక్కుటిక్కు గారు టక్కున ఆగిపోయారు. నోరు కూడా ఆగిపోయింది. నోరు ఆగాక గానీ, ఇంతసేపూ అది ఏం చేస్తోందో ఆయనకి తెలియలేదు.

కిటికీ లోపల గిన్నె చప్పుడు కూడా సగంలో ఆగిపోయింది.

అక్కగారు అడుగుతోంది: "ఏమైందే, గిన్నె పట్టుకుని అలా నిలబడిపోయావు?"

"ఏం లేదక్కా," అంది ఇంటావిడ గొంతు. "ఊరికే."

ఆయన ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి సంచీ మీద పెట్టుకుని ఆ మెట్టు మీదే ఉండిపోయారు. ఏళ్ళ తరబడి ఆదివారాలు, పొయ్యి మీద గిన్నెలు, గాలి లేకుండా కొట్టుకున్న కిటికీ రెక్క, గరిటె, మంచినీళ్ళు. అన్నీ ఒక్కొక్క చక్రంలా వచ్చి, ఒకదాని పళ్ళలో ఒకటి కూర్చున్నాయి. తను మెట్లమీద తీసే రాగం ఆవిడకి ఎప్పటినుంచి తెలుసు? మొదటి ఆదివారం నుంచేనా? ఎంత కడుపులో పెట్టుకుంది! తను అయితే రెండో ముద్దకే కక్కేశాడు.

"నీకు తెలుసా!" అని అరవడానికి నోరు తెరిచారు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మెడనుంచి చెవుల దాకా ఎర్రబడ్డ పెద్దన్న ముఖం కళ్ళ ముందు మెదిలింది. మూగబోయిన చెక్కగోడ గుర్తొచ్చింది. నాలిక కరుచుకున్నారు.

తర్వాత, ఏమీ ఎరగనట్టు, ఆపిన మెట్టు దగ్గరనుంచే ఎత్తుకున్నారు. తెలిసి తీయడం వల్ల మొదట్లో కాస్త వంకర పోయింది. గొర్రెలు అటూ ఇటూ చెదిరిపోయాయి. రెండోసారికి మళ్ళీ దారిన పడ్డాయి. పైన గిన్నె కదిలింది, పొయ్యి మీద కూర్చుంది, అగ్గిపుల్ల గీసిన చప్పుడు అయింది. ఆయన చివరి మెట్టు ఎక్కి, లోపలికి వచ్చి, తలుపు మూసి, గడియ వేశారు.

టక్కుమంది.

ఇంటావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వెనక పొయ్యి మీద గిన్నె వేడెక్కుతోంది. ఆవిడ దానికి అడ్డంగా నిలబడి, అమాయకంగా ముఖం పెట్టి చెయ్యి చాచింది.

"ఎలా ఉందండీ ఇవాళ?"

"నాకేం తెలుసు," అన్నారు టిక్కుటిక్కు గారు, సంచీ అందిస్తూ. "నువ్వే చూడు."